రంగులీనే అమ్మోనైట్ శిలాజాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండలో విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. వైజ్ఞానిక ప్రదర్శనలు జరిగే రోజుల్లో నా దగ్గరున్న అమ్మోనైట్‌లను బల్ల మీద పరుస్తాను. మిర్యాలగూడ నుంచి వచ్చిన తల్లిదండ్రులు, దేవరకొండ పిల్లలు, వనపర్తి నుంచి ఫోను చేసే తోటి ఉపాధ్యాయులు ఇంచుమించు ఒకే సందేహాలు అడుగుతారు. వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ముందుగా తెలుసుకోవలసినవి

ఇది శంఖమా, నత్తా? చూడటానికి అలాగే ఉంది కదా?

రెండూ కాదు. అమ్మోనైట్ ఆక్టోపస్, స్క్విడ్‌ల కుటుంబానికి చెందిన, ఎప్పుడో అంతరించిపోయిన సముద్ర జీవి. నత్త పెంకు లోపల మొదటి నుంచి చివరి వరకు ఒకటే గొట్టం. అమ్మోనైట్ పెంకు లోపల వరుసగా గదులు, గదికీ గదికీ మధ్య అడ్డుగోడలు ఉంటాయి. జీవి అన్నిటికంటే బయటి గదిలోనే ఉండేది. పెరిగే కొద్దీ ముందుకు జరుగుతూ వెనక ఒక గోడ కట్టుకునేది. ఖాళీ అయిన గదుల్లో వాయువు నిండి పెంకు నీటిలో తేలడానికి తోడ్పడేది. గదులన్నిటినీ కలుపుతూ సన్నని గొట్టం ఒకటి ఉండేది. ఇప్పటికీ సముద్రాల్లో బతికున్న నాటిలస్ పెంకు కట్టుబడి కూడా ఇలాంటిదే. కానీ వంశం లెక్కన అమ్మోనైట్‌కు నాటిలస్ కంటే స్క్విడ్‌లే దగ్గరి చుట్టాలు.

ఈ రంగులు దానివేనా? ఎవరైనా వేశారా?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నిజమైన అమ్మోనైట్ అయితే రంగులు దానివే. చెరువు గట్టున దొరికే ఆల్చిప్పను తిరగేసి లోపలి వైపు చూడండి. వెనకటి రోజుల్లో పచ్చిమామిడి కాయ చెక్కు తీయడానికి ఇళ్లలో వాడిన ఆల్చిప్పే. అందులో గులాబీ, ఆకుపచ్చ ఛాయలు కదులుతూ కనిపిస్తాయి. అమ్మోనైట్ మెరుపుకు కారణమైన ముత్యపు పొర కూడా అదే జాతిది. చార్మినార్ దగ్గర అమ్మే ముత్యాల పదార్థం కూడా ప్రధానంగా ఇదే.

ఈ పొర అరగొనైట్ అనే ఖనిజపు పలుకులను ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడ లాంటిది. ఒక్కో పలుకు మందం సుమారు అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండువేలవ వంతు. మన కంటికి కనిపించే వెలుతురు తరంగాల పొడవు కూడా దాదాపు అంతే. పలుకు పైతలం నుంచి తిరిగి వచ్చిన వెలుతురు, అడుగుతలం నుంచి తిరిగి వచ్చిన వెలుతురు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణగిపోతాయి. రాయిని కొంచెం వంచితే దారి పొడవు మారుతుంది, రంగూ మారుతుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క చూపించే రంగులకూ కారణం ఇదే.

గద్వాల చీర నెమలికంఠం రంగు గురించి ఒక పాప నన్ను అడిగింది. చీరలో పడుగుకు ఒక రంగు, పేకకు మరో రంగు వాడతారు కాబట్టి మడతను బట్టి ఛాయ మారుతుంది. అక్కడ రంగు అద్దకంలో ఉంది. అమ్మోనైట్‌లో అద్దకమే లేదు, పొరల మందమే రంగును నిర్ణయిస్తుంది. పలుకులు మందంగా ఉన్నచోట ఎరుపు, పలచబడ్డచోట ఆకుపచ్చ, ఇంకా పలచబడితే నీలం. నీలం, ఊదా ఉన్నవి అరుదు.

మన నల్గొండ, మహబూబ్‌నగర్ రాళ్లలో ఇవి దొరుకుతాయా?

దొరకవు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చిన్నబోతాయి. కానీ కారణం తెలిస్తే మన నేల మీద గౌరవం పెరుగుతుంది.

నల్గొండ కొండలు గ్రానైట్. భూగర్భంలో కరిగిన శిల చల్లబడి గట్టిపడితే ఏర్పడినవి, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులో జీవుల పెంకులు చిక్కుకునే అవకాశమే లేదు. మరి వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు కర్మాగారాలకు వెళ్లే సున్నపురాయి సంగతి ఏమిటి? అది నీటి అడుగున పేరుకున్నదే. అయితే పెంకులున్న జంతువులు భూమి మీద పుట్టకముందే అది పేరుకుంది. ఇళ్లలో పరిచే తాండూరు బండలదీ ఇదే కథ.

పాత మహబూబ్‌నగర్ జిల్లా పడమటి అంచున, కొడంగల్ వైపు దక్కన్ లావా పొరలు మొదలవుతాయి. వికారాబాద్ దగ్గర నస్కల్‌లో లావా పొరల మధ్య చిక్కిన మట్టిలో చిన్న క్షీరదాల పళ్లు, మంచినీటి జీవుల అవశేషాలు దొరికాయి. వాటి కాలం దాదాపు 6.6 కోట్ల ఏళ్లు. అది చెరువు అడుగు, సముద్రం కాదు. అమ్మోనైట్‌కు సముద్రం కావాలి.

అప్పుడప్పుడు గుండ్రని చారలున్న రాళ్లను అమ్మోనైట్ అనుకుని నా దగ్గరికి తెస్తారు. చాలావరకు అవి ఉల్లిపొరల్లా ఊడుతున్న బసాల్ట్ (లావా గట్టిపడిన నల్లరాయి) గుండ్లు, లేదా అగేట్ అనే చారల రంగురాళ్లు. చారలు పూర్తి వలయాలుగా మూసుకుంటే అది అమ్మోనైట్ కాదు. అమ్మోనైట్‌లో చుట్టు ఎక్కడా మూసుకోదు, బయటికి తిరుగుతూనే పోతుంది.

అయితే మన దేశంలో ఎక్కడా లేవా?

ఎందుకు లేవు, మేలైన చోట్లే ఉన్నాయి. గుజరాత్‌లోని కచ్ జురాసిక్ కాలపు (సుమారు 20 నుంచి 14.5 కోట్ల ఏళ్ల క్రితం) అమ్మోనైట్‌లకు ప్రపంచమంతా పేరు. 1870లలో వాగెన్ అనే శాస్త్రవేత్త వాటిని వర్ణించి ప్రచురించారు. తమిళనాడులో తిరుచిరాపల్లి, అరియలూరు ప్రాంతంలో క్రెటేషియస్ కాలపువి (జురాసిక్ తరువాతి కాలం, 6.6 కోట్ల ఏళ్ల క్రితం వరకు) ఉన్నాయి. 1860లలో భారత భూగర్భ సర్వే తరఫున స్టోలిచ్కా అనే శాస్త్రవేత్త వాటి మీద పనిచేశారు. హిమాలయాల్లో స్పితి వైపు నల్లని షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన) రాళ్లలోనూ ఉన్నాయి. బజారులో రంగులీనుతూ కనిపించేవి మాత్రం ఎక్కువగా మడగాస్కర్ నుంచి వస్తాయి.

మా పూజామందిరంలో సాలగ్రామం ఉంది. అదీ ఇదీ ఒకటేనా?

నేపాల్‌లో గండకీ నది ఒడ్డున దొరికే చాలా సాలగ్రామాల్లో చక్రంలా కనిపించేది అమ్మోనైట్ ముద్రే. అవి జురాసిక్ కాలపు నల్లరాతి ముద్దలు. టెథిస్ అనే పాత సముద్రం అడుగున పేరుకున్న బురద, హిమాలయాలు పైకి లేచినప్పుడు కొండెక్కింది. నది దాన్ని కోసి, దొర్లించి, నునుపు చేసింది. రంగులీనే ముత్యపు పొర మాత్రం వాటిలో సాధారణంగా కనిపించదు.

శాస్త్రం తెలుసుకున్నంత మాత్రాన ఇంట్లో తరతరాలుగా పూజలందుకున్న దాన్ని వస్తువుగా చూడనక్కరలేదు. మా అమ్మగారు రోజూ తులసిదళం పెట్టి నమస్కరించే సాలగ్రామంలోని చక్రాన్ని భూతద్దంతో ఆమెకు చూపించాను. ఆ రోజు ఆమె ఇంకాస్త ఎక్కువసేపు చూసి దండం పెట్టుకున్నారు. ఒక్క విన్నపం: సాలగ్రామాన్ని లోపల ఏముందో చూద్దామని పగలగొట్టడం, పాలిష్ చేయించడం చేయకండి. పూజకూ చెడు, శిలాజానికీ చెడు.

డైనోసార్లు, ఇవి ఒకే కాలంలో ఉన్నాయా?

ఉన్నాయి. డైనోసార్లు నేల మీద, ఇవి సముద్రంలో. అమ్మోనైట్‌ల పూర్వీకులు సుమారు 40 కోట్ల ఏళ్ల క్రితమే కనిపిస్తారు. 6.6 కోట్ల ఏళ్ల క్రితం డైనోసార్లతో పాటు ఇవీ అంతరించాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. అది నడిచిన జురాసిక్ కాలంలో సముద్రాల్లో అమ్మోనైట్‌లు ఈదుతున్నాయి.

ఇంత చిన్నవేనా, పెద్దవి ఉండవా?

బజారులో కనిపించేవి ఎక్కువగా అరచేతిలో ఇమిడేవే. 1895లో జర్మనీలో సెప్పెన్‌రాడే దగ్గర దొరికిన దాని అడ్డుకొలత 1.7 మీటర్ల పైన. ఎద్దులబండి చక్రం పక్కన పెడితే చక్రమే చిన్నబోతుంది.

## కొనేటప్పుడు

మడగాస్కర్‌ది, కెనడాది అంటున్నారు. తేడా ఏమిటి?

మడగాస్కర్ వాయవ్య ప్రాంతం నుంచి వచ్చేవాటిని వ్యాపారంలో ఎక్కువగా క్లియోనిసెరస్ అనే పేరుతో అమ్ముతారు. వయసు సుమారు 11 కోట్ల ఏళ్లు. ఆకారం నలగకుండా, పూర్తిగా నిలిచి ఉంటుంది. పై పొరను జాగ్రత్తగా సానపట్టి తీసేస్తే అడుగునున్న ముత్యపు పొర బయటపడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువ.

కెనడాలో అల్బర్టా దక్షిణ భాగంలోని బేర్‌పా అనే శిలాపొరల్లో దొరికేవి ప్లాసెంటిసెరస్ వంటి రకాలు. వయసు 7 నుంచి 7.5 కోట్ల ఏళ్లు. బరువైన మట్టిపొరల కింద నలిగి చదునైపోయాయి, పెంకు పగుళ్లతో నిండి ఉంటుంది. రంగు మాత్రం మంటలా ఉంటుంది. ఆ పెంకుతో చేసే రత్నం పేరు అమ్మొలైట్. 1981లో అంతర్జాతీయ ఆభరణాల సమాఖ్య దాన్ని రత్నంగా గుర్తించింది. 2004లో అల్బర్టా రాష్ట్ర రత్నమైంది. అక్కడి బ్లాక్‌ఫుట్ ప్రజలకు ఇటువంటి శిలాజాలు చాలాకాలంగా పవిత్రమైనవి. మనకు సాలగ్రామం ఉన్నట్టు వారికి ఇనిస్కిమ్, అంటే అడవిదున్న రాయి.

నేర్చుకోవడానికైతే మడగాస్కర్‌ది తీసుకోండి. ఆకారం చెడలేదు కాబట్టి చుట్ల తీరు, నడుమ బొడ్డు లాంటి గుంట అన్నీ చేతితో తడిమి తెలుసుకోవచ్చు.

నకిలీదని ఎలా పట్టుకోవాలి?

మొదట వెలుతురు. ఒకే దీపం కింద పట్టుకుని నెమ్మదిగా వంచండి. నిజమైన రంగు ఒక మచ్చ నుంచి పక్క మచ్చకు పాకుతుంది, ఒక కోణంలో ఆరిపోతుంది. పూసిన రంగు ఎటు వంచినా అక్కడే ఉంటుంది. లోహపు పూత వేసినదైతే హరివిల్లు పెంకు మీదే కాక పగుళ్లలో, అంటుకున్న మట్టిరాతి మీద కూడా ఒకేలా పరుచుకుని ఉంటుంది. ప్రకృతి అంత సమంగా పరచదు.

తరువాత భూతద్దం. పది రెట్లు పెంచేది చాలు. నిజమైన ముత్యపు పొరలో సన్నని పగుళ్లు, వాటి మధ్య చిన్న చిన్న ముక్కలు కనిపిస్తాయి. ఒక్కో ముక్క రంగు కాస్త వేరుగా ఉంటుంది. గాలి బుడగలు కనిపిస్తే అక్కడ రెసిన్ (జిగురులా పోసి గట్టిపరిచే ప్లాస్టిక్) ఉన్నట్టు.

తరువాత తూకం. వంటింటి డిజిటల్ తక్కెడలో బరువు చూడండి. కొలత గీతలున్న గ్లాసులో నీళ్లు పోసి, దారంతో రాయిని ముంచి, నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు పెరిగాయో చూడండి. బరువును ఆ అంకెతో భాగిస్తే 2.6 నుంచి 2.9 మధ్య రావాలి. లోపల ఖాళీ గదులుంటే కొంచెం తగ్గుతుంది. ఒకటికి కాస్త పైన వస్తే అది ప్లాస్టిక్ జాతి. ముంచిన వెంటనే తుడిచి ఆరబెట్టండి.

ఆమ్లం చుక్క వేసి నురగ వస్తే నిజమని కొందరు చెబుతారు. ఆ మాట నమ్మకండి. పాలరాతి పొడి కలిపిన నకిలీ కూడా నురగ కక్కుతుంది. నిజమైన దాని ముఖం మీద ఆ చుక్క తెల్లని మచ్చగా మిగిలిపోతుంది.

అతికించి, పూడ్చి అమ్ముతున్నారు. అలాంటిది తీసుకోకూడదా?

తీసుకోవచ్చు, కానీ అమ్మేవారు ముందే చెప్పాలి. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నది ముక్కలవడం సహజం, కెనడావి చాలావరకు ముక్కలు కూర్చినవే. అతుకును దాచడం మాత్రం తప్పు. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే జిగురు, రెసిన్ ఉన్నచోటు తరచుగా నీలితెలుపుగా వెలుగుతుంది. ఎంత భాగం పూడ్చారో చూసి ధర మాట్లాడండి.

పూర్తిదా, రెండుగా కోసిన జంటా? పిల్లలకు ఏది మంచిది?

జంట. సందేహమే లేదు. పూర్తిదాన్ని చూస్తే అందం తెలుస్తుంది, కోసినదాన్ని చూస్తే జీవితం తెలుస్తుంది. లోపలి గదులు మొదట్లో ఆవగింజంత, చివర్లో గోరంత ఉంటాయి. కొన్నిటిలో కాల్సైట్ అనే తేనెరంగు ఖనిజం నిండి ఉంటుంది, కొన్నిటిలో స్ఫటికాలు సగమే పెరిగి నడుమ ఖాళీ ఉంటుంది. రెండు సగాలు ఒకే రాయివా అని చూడండి. గదుల హద్దులు అద్దంలో బొమ్మలా సరిపోవాలి.

“ఓపల్‌గా మారింది” అని చీటీ రాశారు. నిజమేనా?

కాదు. ఓపల్ అనే రత్నం సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) జాతిది. ఇక్కడ ఉన్నది అరగొనైట్, అంటే ఆ జీవి తానే కట్టుకున్న పెంకు. సాధారణంగా అరగొనైట్ కాలక్రమంలో కాల్సైట్‌గా మారి మెరుపు పోతుంది. నీరు చొరబడని బంకమట్టి కప్పిన కొద్ది చోట్లే అది మారకుండా మిగిలింది. పాత పెంకు పాత పెంకుగానే మిగలడమే ఇందులో అద్భుతం.

ఇంట్లో ఉంటే సంపద వస్తుందంటున్నారు. నిజమా?

అలా జరుగుతుందనడానికి ఆధారం ఏమీ లేదు. ఆ మాట చెప్పి ధర పెంచితే కొనకండి.

కొనడం చట్టానికి విరుద్ధమా?

దేశాన్ని బట్టి ఉంటుంది. అల్బర్టాలో శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, బయటికి పంపాలంటే అనుమతి ఉండాలి. ఎక్కడిదైనా సరే, ఎక్కడి నుంచి ఏ పత్రాలతో వచ్చిందో అడగండి, బిల్లు తీసుకోండి. మన దేశంలో భూగర్భ సర్వే జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించిన చోట్ల ఒక్క ముక్క కూడా తీయకూడదు.

## ఇంటికి వచ్చాక

ఎలా శుభ్రం చేయాలి? ఇత్తడిలా చింతపండుతో తోమవచ్చా?

వద్దు, దయచేసి వద్దు. చింతపండు, నిమ్మ, వెనిగర్, ఇత్తడి తోమే పొడి, బాత్రూము ద్రవాలు అన్నీ ముత్యపు పొరను కరిగిస్తాయి లేదా అరగదీస్తాయి. నా మొదటి అమ్మోనైట్ మీద ఒకసారి నిమ్మరసం పడింది. తుడిచేలోపే గోరంత మేర ఎరుపు పోయి సున్నం రంగు మిగిలింది. ఇరవై ఏళ్లయినా ఆ మచ్చ అలాగే ఉంది.

ఇంకో సంగతి మన ప్రాంతానికే ప్రత్యేకం. మన ఇళ్లలో పడే దుమ్ములో గ్రానైట్ నుంచి రాలిన క్వార్ట్జ్ రేణువులుంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే లెక్కలో వాటిది 7, అరగొనైట్‌ది 3.5 నుంచి 4. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. ఆ తరువాతే వడపోసిన నీటితో తడిపి పిండిన మెత్తని గుడ్డతో అద్దండి. బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్లని మరకలు మిగులుతాయి.

ఎక్కడ పెట్టాలి? కిటికీ దగ్గర బాగా మెరుస్తోంది.

మెరుస్తుంది నిజమే, కానీ మే నెల ఎండ తగిలే కిటికీ వద్దు. వేడికి జిగురు మెత్తబడుతుంది, పొర ఎండి పెచ్చులు లేస్తుంది. కూలర్ గాలి నేరుగా తగిలే చోటూ వద్దు. తలుపున్న అద్దాల బీరువాలో, కింద మెత్తని గుడ్డ వేసి పెట్టండి. చూపించాలనుకున్నప్పుడు ఒక చిన్న దీపం పక్క నుంచి వేస్తే చాలు.

మెరుపు తగ్గింది. గ్రానైట్ పాలిష్ చేసేవారి దగ్గరికి తీసుకెళ్లనా?

వద్దు. గ్రానైట్‌కు వాడే రాపిడి దీనికి మరీ ఎక్కువ. రంగు పొర చాలా సన్ననిది, కెనడావాటిలోనే సాధారణంగా అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటరు. ఒక్కసారి అరిగితే తిరిగి రాదు. తరచుగా తగ్గేది రంగు కాదు, పైన పూసిన రక్షణపూత మసకబారుతుంది. కోసిన జంటలో కాల్సైట్ ముఖం గీతలు పడితే మాత్రం ఇంట్లోనే బాగుచేయవచ్చు. అద్దం మీద 1000 నంబరు, తరువాత 2000 నంబరు నీటి ఉప్పుకాగితం పరచి, తడిచేసి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. పొడిగా రుద్దకండి, ఆ దుమ్ము పీల్చకూడదు.

లాకెట్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, ముత్యంలా చూసుకోవాలి. అత్తరు, చెమట, సబ్బు తగలకూడదు. ఉంగరానికి పనికిరాదు, గీతలు పడతాయి. నగల్లోని అమ్మొలైట్ చాలాసార్లు పైన పారదర్శకమైన రాతి మూత, కింద నల్లరాతి పలక ఉన్న మూడు పొరల కూర్పు. అది మోసం కాదు, రక్షణ. అయితే ఆ మాట బిల్లు మీద ఉండాలి.

## తరగతి గదిలో

నలభై మంది పిల్లలకు ఒకే రాయి ఉంది. ఏం చూపించాలి?

గది చీకటి చేసి ఒక్క టార్చి వెలిగించండి. రాయిని మీ చేతిలోనే పట్టుకుని తిప్పండి, రంగు ఎప్పుడు మారిందో పిల్లలు చెప్పాలి. తరువాత సబ్బునీటి బుడగ ఊదించండి. రెండిటిలో ఒకే రకమైన రంగులు చూసిన క్షణం ఆ గదిలో పుట్టే సందడి కోసమే నేను ఈ పాఠం చెబుతాను.

రెండో రోజు అతుకుగీతలు. పెంకు పూర్తిగా ఊడిపోయిన అమ్మోనైట్ ఉంటే, లోపలి గోడలు పెంకును తాకిన చోట ఫెర్న్ ఆకు అంచులా మెలికలు తిరిగిన గీతలు కనిపిస్తాయి. పలచని కాగితం పరచి పెన్సిలుతో దిద్దించండి. ఒక్కో జాతికి ఆ గీత వేరు, శాస్త్రవేత్తలు జాతిని గుర్తించడానికి అదొక ముఖ్యమైన ఆనవాలు. కింద పడినా పరవాలేదన్న పాత ముక్క ఒకటి ఉంటే పిల్లల చేతికే ఇవ్వండి. చూసిన దానికంటే పట్టుకున్నది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

చీటీ రాయాలంటున్నారు. దాని మీద ఏముండాలి?

దొరికిన దేశం, ప్రాంతం, శిల పేరు, వయసు, జాతి, కొన్న తేదీ, ఎవరి దగ్గర కొన్నారు, ఎక్కడెక్కడ అతికించారు. తెలియని గడి ఖాళీగా వదలండి, ఊహించి నింపకండి. నా దగ్గర అన్నిటికంటే అందమైన ముక్కకు చీటీ లేదు. కొన్నరోజు అడగలేదు, అమ్మినవారు ఇప్పుడు లేరు. అందుకే అది బల్ల మీద మెరుస్తుంది గానీ, ఎక్కడిదని పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

సిరా వెలిసిపోతుంది, పెన్సిలుతో రాయండి. రాయి అడుగున, రంగు లేని చోట, తెల్లని ఎనామిల్ చుక్క పెట్టి దాని మీద సంఖ్య వేయండి. అదే సంఖ్య చీటీ మీదా, నోటుపుస్తకంలోనూ ఉండాలి. చీటీని పెట్టె అడుగున పరచి, రాయిని దాని మీద పెట్టండి.